‘వయసు మీద పడ్డది’ – ఆ మాటకు ఎదురు నిలిచినవాళ్లు

పల్లెకు వైద్యం వచ్చిన దారి – 17వ భాగం

గత వారం 104 బండి దగ్గర ఆగాం. నెలకోసారి ఊళ్లోకి వచ్చి, బడి పక్కనో పంచాయతీ ఆఫీసు ముందో నిలబడి, బీపీ చూసి, షుగరు గోళీలు ఇచ్చి పోయిన ఆ బండి చుట్టూ చేరినవాళ్లను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఎక్కువమంది తల నెరిసినవాళ్లే. పిల్లలకు టీకాల రోజు ఉండేది, గర్భిణులకు పరీక్షల రోజు ఉండేది. ముసలివాళ్లకు ఆ బండి వచ్చిన రోజే వైద్యం రోజు. ఈ వారం వాళ్ల కథ.

మహబూబాబాద్ జిల్లా కురవిలో పింఛను ఇచ్చే నాడు పొద్దున్నే వెళ్లి చూడాలి. చేతికర్రలు, నడుముకు చుట్టిన కొంగులు, కార్డు దాచుకున్న ప్లాస్టిక్ కవర్లు. 2014 నవంబరులో ఆసరా పేరుతో వెయ్యి రూపాయలుగా మొదలైన పింఛను 2019 జూన్ నుంచి 2,016 అయింది. మిషన్ మీద వేలు పెట్టాలి. నాట్లు వేసి, పత్తి ఏరి, మిరపకాయ తెంపి అరిగిపోయిన వేళ్లు. గీతలు పడవు. కొంగుకు తుడుచుకుని మళ్లీ పెడతారు, మరో వేలు పెడతారు. ఎట్లాగో ముద్ర పడితే డబ్బులు లెక్కపెట్టుకుని ఇంటికి మళ్లుతారు. నెలనెలా ఒక మనిషి వాళ్ల చెయ్యి పట్టుకుని మిషన్ మీద ఆనిస్తున్నాడు. ఆ చేతినే పట్టుకుని ‘అవ్వా, ఎట్ల నడుస్తున్నవ్, కండ్లు ఆనుతున్నయా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నవ్’ అని అడిగే మనిషి కోసం వైద్యశాస్త్రం చాలా కాలం వెతుక్కుంది.

కురవి పాత ఊరు. పదో శతాబ్దపు తెలుగు గద్య శాసనంతో చరిత్రకారులకు పరిచయమైన ‘కొరవి’ ఇదే. ముదిగొండ చాళుక్యులు ఏలిన నేల. కోరమీసాల వీరన్న గుడి ముందు శివరాత్రి జాతరకు ఇప్పటికీ చుట్టుపక్కల ఊళ్లు, తండాలు కదిలి వస్తాయి. ఆ తర్వాత ఈ ప్రాంతాన్ని ఏలిన కాకతీయుల కాలంలో వైద్యం ఎట్లా ఉండేదో చెప్పే గట్టి సాక్ష్యం ఇక్కడ లేదు, కృష్ణ ఒడ్డున ఉంది. 1261 నాటి మల్కాపురం శాసనం. రుద్రమదేవి కాలంలో విశ్వేశ్వర శివాచార్యుల మఠానికి ఇచ్చిన ఊళ్ల రాబడిలోంచి ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిపించారు. పురిటికి ఒక శాల, రోగానికి ఒక శాల. ముసలితనం మాత్రం ఇంటి అరుగు మీదే ఉండిపోయింది. ఆ రోజుల్లో అది తప్పు కాదు. ఉమ్మడి ఇల్లు ఉంది, చేతికందే మనుషులు ఉన్నారు, పైగా ముసలితనం దాకా బతికేవాళ్లే కొద్దిమంది. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో కూడా మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గరే ఉంది. ఇప్పుడది 70కి చేరింది. 1961లో జనాభాలో అరవై దాటినవాళ్లు నూటికి 5.6 మంది. 2011 నాటికి 8.6 మంది, మొత్తం 10 కోట్ల 38 లక్షలు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దేశం సగటుకన్నా ఎక్కువ, నూటికి 9.8.

ముసలితనానికి వేరే శాల లేకపోయినా, వేరే శాస్త్రం ఉండాలన్న ఆలోచన మాత్రం మనకు కొత్త కాదు. ఆయుర్వేదాన్ని ఎనిమిది అంగాలుగా విభజించినప్పుడు అందులో ఒకటి జరా చికిత్స, అంటే రసాయన తంత్రం. చ్యవన మహర్షి పేరుతో ఈ రోజుకీ అంగడిలో దొరికే లేహ్యం ఆ సంప్రదాయపు తునకే. తెలుగు నేల మీద వైద్యులు చేతిపుస్తకంగా వాడుకున్న బసవరాజీయం దాకా ఆ ధార నడిచింది. ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. ఇంగ్లీషు వైద్యంలో వృద్ధుల వైద్యాన్ని జీరియాట్రిక్స్ అంటారు. గ్రీకులో ‘గేరాస్’ అంటే ముసలితనం. సంస్కృతంలోని ‘జర’, ఆ ‘గేరాస్’ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. మాట రెండు చోట్లా ఉంది. చికిత్సే రెండు చోట్లా వెనకబడింది.

ఆ మాటను వైద్యానికి అతికించినవాడు ఇగ్నాజ్ నాషర్. 1863లో వియన్నాలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరి, న్యూయార్క్‌లో డాక్టరయ్యాడు. వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు గురువుతో కలిసి అనాథ వృద్ధుల ఆశ్రమానికి వెళ్లాడట. ఒక ముసలమ్మ కుంటుకుంటూ ఎదురొచ్చి తన బాధ చెప్పుకుంది. ‘ఈమెకేమిటి జబ్బు?’ అని విద్యార్థులు అడిగితే గురువు చెప్పింది ఒక్కటే: ముసలితనం. ‘ఏం చేయాలి?’ అంటే: చేయడానికేమీ లేదు. నాషర్ ఆ జవాబును మరిచిపోలేదు. పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల ఒంటికి చిన్న నమూనా కాదని ఒప్పుకుని వాళ్లకు వేరే వైద్యం ఏర్పరచుకున్నాం కదా, ముసలి ఒళ్లు మాత్రం పాడైపోయిన పడుచు ఒళ్లు ఎట్లా అవుతుంది, దానికీ తనదైన ధర్మం ఉండదా అని వాదించాడు. 1909లో రాసిన వ్యాసంలో జీరియాట్రిక్స్ అన్న మాట వాడాడు. 1914లో పుస్తకం వేశాడు. వైద్యలోకం పెద్దగా పట్టించుకోలేదు.

పట్టించుకునేట్టు చేసింది ఒక ఆడమనిషి. పేరు మార్జరీ వారెన్. లండన్ పక్కన వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో డాక్టరు. 1935లో ఆ ఆస్పత్రి పక్కనే ఉన్న పేదల ఆశ్రమపు రోగుల వార్డులను తనలో కలుపుకుంది. 714 మంది. వాళ్లలో ఎక్కువమంది ఏళ్ల తరబడి మంచం దిగనివాళ్లు. ఎవరికి ఏ జబ్బో కాగితాల్లో సరిగా లేదు. పక్షవాతం వచ్చిన మనిషి పక్కన మతి తప్పిన మనిషి, ఆ పక్కన అసలు ఏ జబ్బూ లేక కేవలం దిక్కులేక చేరిన మనిషి. పడుకోబెట్టి తిండి పెట్టడమే వైద్యం.

వారెన్ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి పరీక్ష చేసింది. వినడానికి మామూలు పని. ఏడువందల మందిని అంతకుముందు ఎవరూ ఆ దృష్టితో తాకి చూడలేదు. జబ్బును బట్టి వేరు చేసింది. లేపగలిగినవాళ్లను మంచం మీంచి లేపింది, నిలబెట్టింది, నడిపించింది. గోడలకు వెలుతురు రంగులు వేయించింది. వార్డులో డాక్టరుతో పాటు నర్సు, నడక నేర్పే ఫిజియోథెరపిస్టు, ఇంటి సంగతులు కనుక్కునే సామాజిక కార్యకర్త కలిసి పనిచేయాలంది. చాలామంది ఇళ్లకు వెళ్లిపోయారు. కొద్ది ఏళ్లలో ఆ వార్డుల్లో అవసరమైన పడకలు 240కి దిగాయి. ఈ సంగతులన్నీ 1943లో, 1946లో వైద్య పత్రికల్లో రాసింది. 1947లో వారెన్, మరికొందరు డాక్టర్లు కలిసి పెట్టుకున్న సంఘమే ఈనాటి బ్రిటిష్ జీరియాట్రిక్స్ సొసైటీ. అమెరికాలో అంతకు ఐదేళ్ల ముందే, 1942లో, అలాంటి సంఘం ఏర్పడింది. అయితే ఈ వైద్యానికి నిజమైన పుట్టిల్లు ఆ పేదల వార్డులే అని నా నమ్మకం. మంచాలు ఖాళీ కావడమే ఆమె వాదనకు రుజువు.

అదే 1940ల్లో ఇంగ్లండులోని ఆర్సెట్ అనే చోట లియోనల్ కోసిన్ అనే సర్జన్ తుంటి విరిగిన ముసలివాళ్లకు ఆపరేషన్ చేసి, వెంటనే నడక నేర్పించి ఇంటికి పంపడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా తుంటి విరిగితే మంచమే గతి అనుకునేవాళ్లు. ఆ సంగతి చదివిన రోజు నాకు చాలాసేపు మరో పని మీద మనసు నిలవలేదు. ఎందుకో చెబుతాను.

2012 వానాకాలంలో మా నాయనమ్మ వాకిట్లో జారిపడింది. తన వయసెంతో ఆమెకు తెలియదు. రజాకార్ల కాలానికి పెండ్లయిందని చెప్పేది. ఆ లెక్కన డెబ్బై ఎనిమిది ఉండొచ్చు. పడేదాకా తన నీళ్లు తనే తోడుకున్న మనిషి. ముందు పసరు కట్టు కట్టించారు. వారం తర్వాత పట్నం తీసుకెళితే, ఫొటో తీసి తుంటి ఎముక విరిగిందన్నారు. ‘ఆపరేషన్ చేస్తే నడుస్తదా సార్’ అని మా చిన్నాయన అడిగాడు. ‘వయసు మీద పడ్డది. ఇప్పుడు కోతలెందుకు, ఇంటికి తీస్కపోయి మంచిగ చూసుకోండ్రి’ అన్నాడు డాక్టరు. మేం మంచిగానే చూసుకున్నాం. పద్నాలుగు నెలలు మంచం మీద ఉంది. వీపున పుండ్లు పడ్డాయి. ‘నా కాలు నాకు కావాలె బిడ్డా’ అనేది మొదట్లో. తర్వాత అనడం మానేసింది. తుంటి విరిగిన పెద్దవాళ్లకు వీలైతే రెండు రోజుల్లోపే ఆపరేషన్ చేసి, మర్నాడే నిలబెట్టాలన్నది ఇప్పుడు ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి. గుండె, ఊపిరి తట్టుకుంటాయా అని చూడాల్సిందే. వయసు ఒక్కటే అడ్డు కాదు. ఆ డాక్టరు చెడ్డవాడు కాదు. ఆయనకు చదువు చెప్పినవాళ్లు ముసలి ఒంటి సంగతి చెప్పి ఉండరు. మేమూ మరో డాక్టరును అడగలేదు.

*

ముసలి ఒంటి సంగతి ఏమిటి? గ్లాస్గోలోనూ, తర్వాత బర్మింగ్‌హామ్‌లోనూ పనిచేసిన బెర్నార్డ్ ఐజాక్స్ అనే డాక్టరు నాలుగు మాటల్లో చెప్పాడు. వాటిని ఆయన వృద్ధాప్యపు మహాకాయులు అన్నాడు. మన ఊళ్ల మాటల్లో చెప్పుకుంటే: లేవరాకపోవడం, తూలిపడడం, ఒంటికీ రెంటికీ ఆపుకోలేకపోవడం, మతి తప్పడం. ఏ ముసలివాళ్ల ఇంట్లో విన్నా ఈ నాలుగే వినిపిస్తాయి. ఈ నాలుగూ జబ్బుల పేర్లు కావు, లోపల దాగిన జబ్బులు బయటికి వేసే కేకలు. ఒక్కోదాని వెనక ఐదారు కారణాలుంటాయి. అందులో రెండు మూడైనా సరిచేయదగినవే ఉంటాయి. ఆ పని చేయకుండా ‘వయసు’ అని ముద్ర వేస్తే కారణాలన్నీ లోపలే ఉండిపోతాయి.

పడుచువాళ్లకు నిమోనియా వస్తే జ్వరం కాస్తుంది, దగ్గు వస్తుంది. ముసలివాళ్లకు జ్వరం లేకుండానే రావచ్చు. అన్నం మానేయడమే గుర్తు కావచ్చు. గుండెపోటు వచ్చినా గుండెలో నొప్పి ఉండకపోవచ్చు, ఒట్టి ఆయాసం, నీరసం. అన్నింటికన్నా మన ఊళ్లలో ఎక్కువ పొరబడేది ఒకటుంది. నిన్నటిదాకా బాగున్న తాత ఉన్నట్టుండి మనుషుల్ని గుర్తుపట్టడు, లేని మనుషులతో మాట్లాడతాడు, రాత్రంతా లేచి తిరుగుతాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు, లేదా ముసలితనపు మతిమరుపని ఊరుకుంటారు. రోజుల వ్యవధిలో వచ్చిన ఈ కలవరం ముసలితనం వల్ల రాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షనో, ఒంట్లో నీళ్లు తగ్గడమో, రక్తంలో ఉప్పు పడిపోవడమో, కొత్తగా వేసుకున్న ఏదో గోళీయో కారణం. వెంటనే చూస్తే చాలామంది మళ్లీ మామూలు మనుషులవుతారు. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

గోళీల సంగతీ చెప్పాలి. బీపీకొకటి, షుగరుకు రెండు, గుండెకు రెండు, గ్యాసుకొకటి. ఒక్కో డాక్టరు తనది తాను రాస్తాడు, అన్నీ కలిపి చూసేవాడు ఉండడు. దాని మీద మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ వేసే సూది. ఆ సూది మీదా, నొప్పి గోళీల మీదా బతుకు ఈడ్చే కూలి చేతులు లెక్కలేనన్ని. వయసుతో పాటు మూత్రపిండాల శక్తి తగ్గుతుంది కాబట్టి పడుచువాడికి హాని చేయని మోతాదే ముసలివాడి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. వృద్ధుల డాక్టరు మొదట చేసే పని మందు రాయడం కాదు, సంచిలోని గోళీలన్నీ బల్ల మీద పోయించి, అక్కర్లేనివి తీసేయడం. తర్వాత కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోమంటాడు. ఆ కొన్ని సెకన్లలో కాళ్ల బలం, తూకం, పడిపోయే ప్రమాదం అన్నీ తెలుస్తాయి. చూపు, చెవుడు, పళ్లు, తిండి, మనసు, ఇంట్లో చూసేవాళ్లు: ఒక్కొక్కటీ అడుగుతాడు. ఖరీదైన యంత్రం ఒక్కటీ అక్కర్లేదు. కావలసింది టైము. మన ఆస్పత్రుల్లో అన్నింటికన్నా కరువైంది అదే.

*

మన దేశంలో ఈ విద్యకు తలుపు తెరిచింది పొరుగు రాష్ట్రం. బ్రిటన్‌లో నేర్చుకుని వచ్చిన డాక్టర్ వి.ఎస్. నటరాజన్ 1978లో మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో వృద్ధులకని ప్రత్యేకంగా ఓపీ మొదలుపెట్టించారు. వృద్ధుల వైద్యంలో దేశంలోనే తొలి ప్రొఫెసర్ ఆయన. 1996లో మద్రాసు మెడికల్ కాలేజీలో ఈ శాఖలో ఎండీ చదువు మొదలైంది. ఓపీ గది నుంచి పట్టా దాకా పద్దెనిమిదేళ్లు పట్టింది. 2012లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

తెలుగు నేల మీద ఈ కథ ఒక్క చోట మొదలై ఒక్క దారిలో నడవలేదు. తలా ఒక కొస పట్టుకున్నారు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు మనస్తత్వశాస్త్ర విభాగంలో ఆచార్య పి.వి. రామమూర్తి వార్ధక్యం మీద పరిశోధనకు ఒక కేంద్రమే నిలబెట్టారు. ముసలివాళ్లు దేనికి తృప్తి పడతారు, దేనికి కుంగిపోతారు, కోడలూ అత్తా ఒకే కప్పు కింద ఎట్లా సర్దుకుంటారు అన్నది శాస్త్రంగా చూడాల్సిన విషయమని దేశంలో ముందుగా చెప్పినవాళ్లలో ఆయన ఒకరు. ఆచార్య డి. జమున ఆ పనిని ముందుకు తీసుకెళ్లారు, ముఖ్యంగా ముసలి ఆడవాళ్ల గురించి, వాళ్లకు సేవ చేసే ఆడవాళ్ల గురించి. హైదరాబాద్‌లో 1990ల్లో కె.ఆర్. గంగాధరన్ వృద్ధుల సంరక్షణ మీదే దృష్టి పెట్టి హెరిటేజ్ ఆస్పత్రి నడిపారు. తర్వాత వార్ధక్యంపై పనిచేసే అంతర్జాతీయ సమాఖ్యకు అధ్యక్షులయ్యారు.

అయితే ప్రపంచం తెలుగు ముసలివాళ్ల వైపు తిరిగి చూసింది 2013లో. హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో నరాల వైద్యురాలు డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె తోటివారు మతిమరుపు జబ్బుతో తమ దగ్గరికి వచ్చిన 648 మంది వివరాలు పరిశీలించారు. వాళ్లలో 391 మంది రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ భాషలు మాట్లాడేవాళ్లు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలిసి మెలిసి వినిపించే హైదరాబాద్ కదా. ఒకే భాష వచ్చినవాళ్లతో పోలిస్తే, రెండు భాషలవాళ్లకు జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించాయి. అంతకుముందు కెనడాలో ఇలాంటి ఫలితమే వస్తే, అది చదువు వల్లనో, వలస వచ్చినవాళ్ల గట్టితనం వల్లనో కావచ్చు గదా అని శంకించారు. హైదరాబాద్‌లో ఆ శంకకు చోటు లేదు. ఇక్కడ రెండు భాషలు రావడానికి వలస పోనక్కర్లేదు, బడికి పోనక్కర్లేదు. చదవడం రాయడం రానివాళ్లను వేరుగా చూసినా తేడా కనిపించింది, ఇంకా ఎక్కువగా, దాదాపు ఆరేళ్లు.

ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు కురవి చుట్టుపక్కల తండాలు గుర్తొస్తాయి. ఇంట్లో లంబాడీ మాట్లాడి, అంగట్లో తెలుగు మాట్లాడే ముసలమ్మలు. ఒక్క అక్షరం రాదు. పొద్దస్తమానం ఒక భాషలోంచి మరో భాషలోకి దాటుతూనే ఉంటారు. వాళ్ల మాటను మోటు అని నవ్వినవాళ్లు ఉన్నారు. ఆ దాటడంలోనే మెదడుకు కసరత్తు ఉందని నిమ్స్ లెక్కలు సూచించాయి. ఇది మందు కాదు, పంతుల మాట కూడా కాదు. ఒక ఆస్పత్రికి వచ్చిన రోగుల లెక్క. దాని మీద శాస్త్రజ్ఞుల మధ్య వాదాలు ఇంకా నడుస్తున్నాయి. అయినా తెలుగు గడ్డ మీది చదువురాని వృద్ధులు ప్రపంచ వైద్యశాస్త్రానికి ఒక ప్రశ్నకు జవాబివ్వడంలో భాగమయ్యారు. ఆ గౌరవం వాళ్లకు దక్కాలి.

కళ్ల విషయంలో హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి చేసిన పని మరోటి. డాక్టర్ శ్రీనివాస్ మర్మముల బృందం నగరంలోని 41 వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్ల కళ్లు పరీక్షించింది. ప్రతి పదిమందిలో ముగ్గురికి చూపు సరిగా లేదు. అందులో ఎక్కువ భాగానికి కారణం శుక్లాలో, సరైన అద్దాలు లేకపోవడమో. రెండూ సరిచేయదగినవే. చూపు మసకైతే మనిషి పడిపోతాడు, పడితే తుంటి విరుగుతుంది, విరిగితే మంచం పడతాడు. ఒక అద్దాల జతకూ ఒక మంచానికీ మధ్య దూరం అంతే. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన కంటి వెలుగు శిబిరాలు, 2023 జనవరిలో ఖమ్మంలో మొదలైన రెండో విడత ఆ దారిలో మంచి అడుగులు. ఊరి బడి గదిలో కూర్చోబెట్టి, అద్దాలు పెట్టి, ‘ఇప్పుడు కనిపిస్తున్నదా’ అని అడిగిన ఆ పద్ధతి చెవులకూ, కాళ్లకూ, మతికీ రావాల్సి ఉంది.

ఇక నయం కాని జబ్బుతో ఇంట్లో మూలుగుతున్నవాళ్లు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ మొదలుపెట్టిన ఉపశమన వైద్యం చేవెళ్ల పల్లెల్లో ఇంటింటికీ వెళ్లింది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ‘ఆలన’ పేరుతో జిల్లాలకు పంపింది. నర్సు ఇంటికొచ్చి పుండు కడిగి, నొప్పి తగ్గే మందిచ్చి, పక్కనున్నవాళ్లకు ఎట్లా ఒత్తిగిలించాలో నేర్పి పోతుంది. మా నాయనమ్మ కాలానికి అది రాలేదు.

*

చట్టాలు, పథకాలు కాగితం మీద బాగానే ఉన్నాయి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గర ఫిర్యాదు చేయొచ్చన్నంత వరకు జనానికి తెలుసు. ఆ చట్టంలోనే ఇరవయ్యో సెక్షన్ ఒకటుంది: ప్రభుత్వ ఆస్పత్రుల్లో వృద్ధులకు వీలైనంత మేరకు పడకలు కేటాయించాలి, వాళ్లకు వేరే వరుస ఉండాలి. ఓపీ చీటీ కోసం కర్ర పట్టుకుని గంటలకొద్దీ నిలబడే తాతలకు ఈ సంగతి చెప్పినవాళ్లు తక్కువ.

2010-11లో కేంద్రం వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. దాని ప్రకారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికో రోజు వృద్ధుల క్లినిక్, పెద్ద ఆరోగ్య కేంద్రంలో వారానికి రెండు రోజులు, జిల్లా ఆస్పత్రిలో పది పడకల వార్డు, ఫిజియోథెరపీ. మంచం పట్టినవాళ్ల ఇళ్లకు సిబ్బంది వెళ్లాలి. పైన పెద్ద కాలేజీల్లో ప్రాంతీయ కేంద్రాలు. మొదట ఎంపికైన ఎనిమిదిలో చెన్నై ఉంది, తిరువనంతపురం ఉంది, హైదరాబాద్ లేదు. ఆ వెనకబాటు ఇప్పటికీ మనల్ని వెంటాడుతోందని నా అభిప్రాయం. ముసలి ఒంటి సంగతి చదువుకున్న డాక్టర్లు పెద్ద నగరాల్లోనే వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది ఉంటే, మా మానుకోట, అంటే మహబూబాబాద్ దాకా ఎప్పుడు వస్తారు?

అయినా ఆశ పడటానికి ఆధారం లేకపోలేదు. 2016 అక్టోబరు 11న మహబూబాబాద్ జిల్లా అయింది. 2022 నవంబరులో అక్కడ ప్రభుత్వ మెడికల్ కాలేజీ తరగతులు మొదలయ్యాయి. మరుసటి ఏడాది జనగామకు, భూపాలపల్లికి కూడా కాలేజీలు వచ్చాయి. ఒకప్పుడు దేనికైనా వరంగల్ ఎంజీఎంకు పోవలసిన ఈ మూడు జిల్లాల్లో ఇప్పుడు డాక్టర్లు తయారవుతున్నారు. ఆ పిల్లలు పాఠం నేర్చుకునేది కురవి, మరిపెడ, డోర్నకల్ నుంచి బస్సెక్కి వచ్చే ఈ అవ్వలను, తాతలను చూసే. వాళ్ల మొదటి ఏడాదుల్లోనే ఒక ముసలమ్మను కుర్చీలోంచి లేపి నడిపించి చూడమని చెప్పే గురువు ఒక్కరున్నా చాలు. వారెన్ దగ్గరా మొదట్లో ఉన్నది అంతకన్నా ఎక్కువేం కాదు. జాతీయ స్థాయిలో 2024 ఫిబ్రవరిలో చెన్నై గిండీలో వృద్ధుల కోసం ప్రత్యేకంగా ఒక పెద్ద జాతీయ ఆస్పత్రి ప్రారంభమైంది. మంచిదే. కానీ కురవి అవ్వకు గిండీ చాలా దూరం. ఆమెకు దగ్గరున్నది ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, వాడకట్టులోని ఆశా కార్యకర్త.

అందుకే ఈ వారం పాఠకులకు ఒక పని చెబుతున్నాను. మీ ఇంట్లో అరవై దాటినవాళ్లుంటే, వాళ్లు వాడే గోళీలన్నీ, నొప్పి మాత్రలతో సహా, ఒక సంచిలో వేయండి. మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. వృద్ధుల క్లినిక్ వారంలో ఏ రోజు నడుపుతున్నారో అడగండి. రోజు చెబితే ఆ రోజు వాళ్లను తీసుకెళ్లండి. రోజు లేదంటే, ఎందుకు లేదో మెడికల్ ఆఫీసరును రాతపూర్వకంగా అడగండి. ‘వయసు మీద పడ్డది’ అన్న జవాబు ఎవరు చెప్పినా, ఏ జబ్బో పేరు చెప్పమని మర్యాదగా, గట్టిగా మరోసారి అడగండి. మేం అడగలేదు.

(సశేషం)